అమ్మ డల్లాస్ వెళ్ళాలి: దోహా మీదుగానా, లండన్ మీదుగానా?

ఈసారి ఉత్తరం ఖమ్మం నుంచి వచ్చింది. రాసినావిడకి 63 ఏళ్ళు, పేరు వేయొద్దన్నారు. భర్త పోయి కొన్నేళ్ళయింది, కొడుకు హైదరాబాద్‌లో, కూతురు అమెరికాలో, డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటారు. కూతురికి సెప్టెంబర్ నెల మధ్యలో డెలివరీ. విజిటర్ వీసా స్టాంపింగ్ అయిపోయింది, ఇక టికెట్ తీయడమే మిగిలింది, గొడవంతా ఆ టికెట్ దగ్గరే మొదలైంది.

కూతురు ఖతార్‌లోని దోహా మీదుగా రమ్మంటోంది, త్వరగా వచ్చేస్తావు, వీల్‌చైర్ వాళ్ళు బాగా చూసుకుంటారు అంటోంది. కొడుకు ఒకే సీట్లో 16 గంటలు అమ్మ ఎలా కూర్చుంటుంది, లండన్ మీదుగా పంపిస్తానంటున్నాడు. అల్లుడు ఢిల్లీ, చికాగో మీదుగా ఒకటి చూశాడు, హిందీ మాట్లాడేవాళ్ళు ఉంటారు కదా అని. ముగ్గురూ ఫ్యామిలీ గ్రూప్‌లో స్క్రీన్‌షాట్లు పెట్టుకుంటూ వాదించుకుంటున్నారు, ఆఖరికి అన్నాచెల్లెళ్ళ మధ్య మాటలు తగ్గిపోయాయి. దీనికి తోడు కూతురు "పొద్దున ఎక్కితే సాయంత్రానికి ఇక్కడుంటావమ్మా" అంది, టికెట్ మీద కూడా తెల్లవారుజామున 3:45కి బయల్దేరి అదే రోజు సాయంత్రం 4కి దిగినట్టు ఉంది, ఈవిడ పన్నెండు గంటలేగా అని ధైర్యం తెచ్చుకున్నారు. ఎదురింటావిడ వచ్చి కాదు వదినా, దాదాపు ఇరవై మూడు గంటలు పడుతుంది అనేసరికి గుండె జారిపోయింది, నా కూతురు నాకు అబద్ధం చెప్పిందా అని రెండు రాత్రులు నిద్రపోలేదట.

ఉత్తరం చివర్లో ఇంకో విషయం రాశారు, పిల్లలిద్దరికీ చెప్పనిది. మోకాళ్ళ నొప్పి, షుగర్ సంగతి వాళ్ళకి తెలుసు. దగ్గినా తుమ్మినా మూత్రం ఆగడం లేదని, గంటన్నరకోసారి లేవాల్సి వస్తోందని మాత్రం తెలియదు. "ముందురోజు నుంచి నీళ్ళు తాగకుండా ఎక్కేస్తాను, అంతే" అని రాశారు. వెళ్ళాలని ఉంది, వెళ్ళాలంటే భయంగా ఉంది, ఏ దారిలో వెళ్ళాలో మీరు చెప్పండి అని అడిగారు.

అక్కా, ముందు మీ అమ్మాయి సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే అది మనసులో ఉంటే మిగతావేవీ బుర్రకెక్కవు. ఆవిడ మీకు అబద్ధం చెప్పలేదు. విమానం టికెట్ మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే వేస్తారు, బయల్దేరేది హైదరాబాద్ టైము, దిగేది డల్లాస్ టైము. సెప్టెంబర్‌లో మనకీ డల్లాస్‌కీ పదిన్నర గంటల తేడా, వాళ్ళు వెనక ఉంటారు, నవంబర్ మొదటి ఆదివారం వాళ్ళు గడియారం ఒక గంట వెనక్కి తిప్పుతారు కాబట్టి అప్పట్నుంచి మార్చి దాకా పదకొండున్నర. అంటే మీరు డల్లాస్‌లో సాయంత్రం 4కి దిగినప్పుడు ఖమ్మంలో మరుసటి రోజు తెల్లవారుజామున రెండున్నర అవుతుంది. 3:45 నుంచి మర్నాడు రెండున్నర దాకా లెక్కేసుకుంటే 22 గంటల 45 నిమిషాలు, మీ ఎదురింటావిడ చెప్పింది నిజమే. మీ అమ్మాయి చెప్పిందీ నిజమే, అక్కడ చాలా ఏళ్ళుగా ఉంటున్నవాళ్ళకి అలా చెప్పడం అలవాటైపోతుంది, వింటున్న అమ్మకి ఆ మాట ఎలా వినపడుతుందో తట్టదు. అడగకుండా మనసులో పెట్టుకుని రెండు రాత్రులు మేలుకున్నారు చూడండి, అది నాకు బాధనిపించింది. ఫోన్ చేసి "ఇన్ని గంటలని నాకు ముందే చెప్పాల్సింది తల్లీ" అని ఒక్క మాట అనేయండి, ఆ ముడి అక్కడితో విడిపోతుంది.

ఇప్పుడు దూరం. మీ పిల్లలు దీని మీదే కొట్టుకుంటున్నారు కాబట్టి కొంచెం ఓపిగ్గా చెప్తాను. మీ ఇంట్లో మనవళ్ళ గ్లోబు ఏదైనా ఉంటే ఒక దారం తీసుకుని హైదరాబాద్ మీద ఒక కొస పెట్టి డల్లాస్ దాకా బిగించి లాగండి, ఆ దారం అరేబియా మీంచో అట్లాంటిక్ మీంచో పోదు, నేరుగా పైకి వెళ్ళి ఉత్తర ధ్రువానికి దాదాపు అయిదు వందల కిలోమీటర్ల పక్కనుంచి అవతలికి దిగుతుంది. ఉత్తర ధ్రువానికి మనం ఇటు పక్కన ఉంటే డల్లాస్ దాదాపు సరిగ్గా అటు పక్కన ఉంది మరి. ఆ దారం పొడవు సుమారు 14,400 కిలోమీటర్లు. అంత దూరం ఆగకుండా ఎగిరే విమానాలు ప్రపంచంలో లేకపోలేదు, సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి సుమారు 15,300 కిలోమీటర్లు ఒకే ఊపున వెళ్తున్నాయి, మన బెంగళూరు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి 2021 జనవరిలో ఎయిర్ ఇండియా నాన్‌స్టాప్ మొదలుపెట్టింది. హైదరాబాద్ నుంచి డల్లాస్‌కి మాత్రం అలాంటిది లేదు, ఎక్కడో ఒకచోట దిగి మారాల్సిందే.

మారితే దూరం ఎంత పెరుగుతుంది? దోహా మీదుగా అయితే మొదటి ముక్క సుమారు 2,900, రెండోది సుమారు 12,700, మొత్తం 15,600 పైచిలుకు. దుబాయ్ మీదుగా 2,550, 12,900, మొత్తం 15,450. లండన్ మీదుగా 7,750, 7,630, మొత్తం 15,400 లోపు. 2024 నుంచి హైదరాబాద్–ఫ్రాంక్‌ఫర్ట్ ఫ్లైట్ కూడా ఉంది, అటుగా అయితే 7,100, 8,250, మొత్తం 15,350. ఇవన్నీ గ్లోబు మీద తిన్నగా కొలిచిన లెక్కలే, గాలిని బట్టి, విమానాల్ని రానివ్వకుండా మూసిన ఆకాశాలని బట్టి పైలట్లు కొంచెం అటూఇటూ వెళ్తారు. అయినా మొత్తాలు చూడండి అక్కా, దోహాకీ లండన్‌కీ తేడా మూడు వందల కిలోమీటర్లు కూడా లేదు, మీరు ఖమ్మం నుంచి హైదరాబాద్ వచ్చి అక్కణ్ణుంచి ఇంకొంచెం ముందుకెళ్ళినంత. మీ అబ్బాయీ అమ్మాయీ ఏది దగ్గర, ఏది త్వరగా అని గ్రూప్‌లో వాదించుకుంటుంటే అందులో తేలేది ఏమీ లేదు, ఎటెళ్ళినా మీ ఒంటికి తగిలే దూరం ఒకటే. తేడా అంతా ఆ దూరం ఎక్కడ రెండు ముక్కలవుతుందన్నదే. గల్ఫ్ దారిలో నాలుగున్నర గంటలు, ఆ తర్వాత పదహారు. లండన్ దారిలో పది, మళ్ళీ పదిన్నర. ఫ్రాంక్‌ఫర్ట్ అయితే తొమ్మిది పైన, మళ్ళీ పదకొండు. ఈ ముక్కల్లో ఏది భరించగలమో తెలిసేది ఆ సీట్లో కూర్చునేవాళ్ళకే, మీ ఉత్తరంలో మాత్రం ముగ్గురూ మీ తరఫున మాట్లాడుతున్నారు గానీ నీకు ఏది వీలమ్మా అని మిమ్మల్ని అడిగినవాళ్ళు నాకు కనపడలేదు.

అడిగినా మీరు చెప్పలేరు, ఎందుకంటే చెప్పాల్సిన అసలు విషయాన్ని దాచారు. నేను మీకంటే చిన్నదాన్నే అయినా ఈ మాట గట్టిగానే అంటాను, నీళ్ళు తాగకుండా ఎక్కడం అనే ఆలోచన మానేయండి. విమానం లోపల గాలి చాలా పొడిగా ఉంటుంది, తేమ ఇరవై శాతం కంటే తక్కువే, మామూలు మనిషికే పెదాలు పగులుతాయి. షుగర్ ఉన్నవాళ్ళు నీళ్ళు మానేస్తే షుగర్ ఇంకా పెరగొచ్చు, యూరిన్ ఇన్ఫెక్షన్ పట్టుకోవచ్చు, అది పట్టుకుంటే గంటన్నరకోసారి వచ్చేది పావుగంటకోసారి వస్తుంది, అంటే దేన్ని తప్పించుకుందామనుకున్నారో దాన్నే ఎదురెళ్ళి తెచ్చుకున్నట్టు. పైగా కదలకుండా, నీళ్ళు లేకుండా గంటల తరబడి కూర్చుంటే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఒకటుంది. నాలుగు గంటలు దాటిన ప్రయాణాల్లో ఆ ప్రమాదం దాదాపు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ఇచ్చిన రిపోర్టులో చెప్పింది, అయితే ఆ రెట్టింపు అయ్యాక కూడా అది ఆరు వేల మందిలో ఒకరికి వచ్చే సంగతి, అంచేత దీనికి భయపడి ప్రయాణం మానక్కర్లేదు. నీళ్ళు తాగాలి, గంటకోసారి లేవాలి, అంతే. ఆ లెక్కన చూస్తే మీరు గంటన్నరకోసారి లేవడం మీ కాళ్ళకి మంచిదే.

ఆ సమస్య మీ ఒక్కరిదీ కాదు. కాన్పులైన ఆడవాళ్ళలో, యాభై దాటినవాళ్ళలో ఎంతోమందికి ఉంటుంది, ఎవరూ నోరు విప్పరు, పెళ్ళిళ్ళకి వెళ్ళడం మానేస్తారు, బస్సు ప్రయాణం మానేస్తారు, మోకాళ్ళ నొప్పి అని చెప్పి తప్పించుకుంటారు. దీనికి మందులున్నాయి, కింది కండరాలు బిగబట్టే వ్యాయామాలున్నాయి, ఖమ్మంలోనే గైనకాలజిస్ట్‌కి చూపించుకోండి, షుగర్ సరిగ్గా లేకపోవడం వల్ల కూడా ఇలా అవుతుంది కాబట్టి ముందు ఆ టెస్టులు చేస్తారు. ఆ వ్యాయామాలు గుణమివ్వడానికి కొన్ని వారాలు పడుతుంది గనక ఇవాళే మొదలుపెట్టడం నయం. ప్రయాణానికి పెద్దవాళ్ళ ప్యాడ్స్ మెడికల్ షాపులో దొరుకుతాయి, హ్యాండ్‌బ్యాగ్‌లో నాలుగైదు, ఒక జత బట్టలు పెట్టుకోండి, అవి వాడినా వాడకపోయినా ఉన్నాయన్న ధైర్యమే సగం పని చేస్తుంది. మీ అమ్మాయికి ఈ సంగతి చెప్పండి అక్కా. ఆవిడ నెలలు నిండుతున్న మనిషి, ఈ రోజుల్లో మీ ఇబ్బంది ఆవిడకి అర్థమైనంతగా ఇంకెవరికీ అర్థం కాదు. అబ్బాయికి మీ నోటితో చెప్పలేకపోతే ఆవిడనే చెప్పమనండి.

ఇక దారులు ఒక్కొక్కటీ చూద్దాం. ఇదే వెళ్ళండి అని నేను చెప్పను, దేనివల్ల ఏమవుతుందో చెప్తాను.

దోహా దారిలో మంచి ఏంటంటే మొదటి ఫ్లైట్ నిండా మనవాళ్ళే ఉంటారు, పక్కసీటు ఆవిడ తెలుగులో మాట్లాడే అవకాశం ఎక్కువ, డల్లాస్ వెళ్ళే రెండో ఫ్లైట్‌లో కూడా మీలాగే పిల్లల దగ్గరికి వెళ్ళే అమ్మానాన్నలు కనిపిస్తారు. ఒక్కసారే మారాలి. కష్టం ఆ పదహారు గంటలు. అదంతా ఒకేలా ఉండదు, ఎక్కగానే భోజనం పెడతారు, లైట్లు తీసేస్తారు, అందరూ పడుకుంటారు, మీరూ ఓ నాలుగైదు గంటలు కునుకు తీస్తారు, లేచి ముందు స్క్రీన్ మీద మ్యాప్ చూస్తే విమానం ఇంకా ఐస్‌లాండ్ దగ్గరో గ్రీన్‌లాండ్ దగ్గరో ఉంటుంది, ఇంకా సగం ఉందా అనిపించేది అక్కడే. పదో గంట నుంచి పదమూడో గంట దాకా అసలు కష్టం, మోకాళ్ళు బిగుసుకుపోతాయి, నిద్ర రాదు, టైము కదలదు. అది ముందే తెలిసి ఉంటే మనిషి కంగారు పడదు. గల్ఫ్ ఆకాశం అప్పుడప్పుడు ఉన్నట్టుండి మూసేస్తారన్నది కూడా గుర్తుంచుకోవాలి, 2025 జూన్ 23న ఖతార్ కొన్ని గంటలు మూసేస్తే ఎక్కడి విమానాలు అక్కడ మళ్ళించారు. అందుకని రెండు ఫ్లైట్లూ ఒకే టికెట్ మీద ఉండాలి, అలా ఉంటే మొదటిది ఆలస్యమై రెండోది తప్పినా ఇంకో ఫ్లైట్‌లో ఎక్కించే బాధ్యత విమానం కంపెనీదే. విడివిడిగా రెండు టికెట్లు తీస్తే చవగ్గా వస్తుందని ఎవరైనా అంటే వినకండి.

లండన్ దారిలో ముక్కలు సమానం, పది గంటలయ్యాక లేచి నేల మీద నడవచ్చు, మామూలు బాత్రూమ్‌కి వెళ్ళొచ్చు, కాళ్ళు చాపుకోవచ్చు, మీ మోకాళ్ళకీ మీరు దాచిన ఇబ్బందికీ ఇది బాగా కలిసొస్తుంది. మొత్తం టైము గంటా రెండు గంటలు పెరుగుతుంది, అదేమంత లెక్క కాదు. కానీ లండన్‌లో కొన్ని ఫ్లైట్లకి దిగే టెర్మినల్ ఒకటి, ఎక్కేది ఇంకొకటి, మధ్యలో బస్సు, మళ్ళీ సెక్యూరిటీ చెక్. వీల్‌చైర్ ఉంటే వాళ్ళే తీసుకెళ్తారు, అయితే టైము కావాలి. చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉన్నవాళ్ళకి లోపల్లోపలే విమానం మారడానికి మామూలుగా విడిగా ట్రాన్సిట్ వీసా అడగరు, ఈ రూల్స్ మారుతుంటాయి కాబట్టి డబ్బు కట్టే ముందు మీ అబ్బాయిని ఒకసారి ఆ దేశం వెబ్‌సైట్‌లో చూసుకోమనండి. ఫ్రాంక్‌ఫర్ట్ దారి కూడా దాదాపు ఇంతే, కాకపోతే ఆ ఫ్లైట్ రోజూ ఉండదు.

మీ అల్లుడు చూసిన చికాగో దారి గురించి నేను కొంచెం వెనక్కి లాగుతాను. అమెరికాలో మొదట ఏ ఊళ్ళో దిగితే అక్కడే ఇమిగ్రేషన్, అక్కడే పెట్టెలు బెల్ట్ మీంచి తీసుకుని కస్టమ్స్ దాటి మళ్ళీ లోపలికి వేయాలి, ఆ తర్వాత లోకల్ ఫ్లైట్ పట్టుకోవాలి. ఢిల్లీలో ఒకసారి, చికాగోలో ఒకసారి మారడం, చికాగోలో రెండు 23 కిలోల పెట్టెలు, ఇంగ్లీషు రాదని మీరే రాశారు, మోకాళ్ళ నొప్పి. దీనికి తోడు 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ వాళ్ళ ఆకాశం మన విమానాలకి మూసినప్పట్నుంచి ఢిల్లీ నుంచి అమెరికా వెళ్ళే మన ఫ్లైట్లు చుట్టూ తిరిగి వెళ్ళాల్సొచ్చింది, గాల్లో గంటలు ఇంకా పెరిగాయి. హిందీ మాట్లాడేవాళ్ళు ఉంటారన్న ఒక్క సౌకర్యం కోసం ఇంత పెట్టుకోవడం నాకు నచ్చలేదు. దోహా నుంచో లండన్ నుంచో వెళ్తే నేరుగా డల్లాస్‌లోనే అన్నీ అయిపోతాయి, గేటు బయట మీ అల్లుడు నిలబడి ఉంటాడు.

ఇంకో దారి మీ ముగ్గురిలో ఎవరూ అనలేదు, మధ్యలో రాత్రి ఆగడం. దోహా ఎయిర్‌పోర్ట్ లోపలే హోటల్ ఉంది, వీసా లేకుండా, బయటికి వెళ్ళకుండా కొన్ని గంటలు రూమ్ తీసుకోవచ్చు. స్నానం చేసి నాలుగు గంటలు మంచం మీద నడుం వాల్చి అప్పుడు ఆ పదహారు గంటల ఫ్లైట్ ఎక్కితే ఒళ్ళు వేరుగా ఉంటుంది. ఖర్చు పెరుగుతుంది, ప్రయాణం సగం రోజు ఎక్కువవుతుంది, ఒంటరిగా రూమ్‌లో నిద్రపోతే లేవగలనా అన్న భయం ఉంటుంది. తోడు ఉంటే ఇది చాలా మంచి పద్ధతి.

తోడు సంగతి కూడా మాట్లాడుకుందాం. డల్లాస్ తెలుగువాళ్ళ గ్రూపుల్లో "ఫలానా తేదీన మా అమ్మ వస్తోంది, ఎవరైనా అదే ఫ్లైట్‌లో ఉన్నారా" అని రోజూ అడుగుతూనే ఉంటారు, మీ అమ్మాయి అడిగితే ఎవరో ఒకరు దొరుకుతారు. తోడు దొరికిన తేదీకే టికెట్ తీయడం ఒక పద్ధతి, టికెట్ తీసి తోడు వెతకడం ఇంకో పద్ధతి, మొదటిదే మేలు. కానీ ఆ తోడు వచ్చేవాళ్ళ సీటు మీ పక్కన పడకపోవచ్చు, వాళ్ళతో చిన్నపిల్లలుంటే వాళ్ళ తిప్పలు వాళ్ళకే ఉంటాయి, కాబట్టి తోడున్నా సరే వీల్‌చైర్ మాత్రం బుక్ చేయించుకోండి. నడవగలను కదా, వీల్‌చైర్ ఎందుకు, చూసేవాళ్ళు ఏమనుకుంటారు అని చాలామంది మొహమాటపడతారు. మెట్లెక్కగలిగి దూరం నడవలేనివాళ్ళకంటూ ప్రత్యేకంగా ఒక రకం ఉంది, టికెట్ తీసేటప్పుడే అది పెట్టమనండి. దానితో ఒక చిక్కు మాత్రం ఉంది, వీల్‌చైర్ వాళ్ళని విమానం నుంచి అందరూ దిగాక ఆఖర్న దింపుతారు, అందుకే మధ్యలో గంటన్నర మాత్రమే ఉన్న టికెట్ తీసుకోవద్దు, మీ అమ్మాయి పెట్టిన స్క్రీన్‌షాట్‌లో రెండుంబావు గంటలే ఉంది, మూడు గంటల పైన ఉన్నది చూడమనండి.

సీటు ఇంకా ముఖ్యం, ముఖ్యంగా మీకు. కిటికీ సీటు ఇస్తానంటే వద్దనండి. మధ్య వరసలో నడవ పక్క సీటు తీసుకోమనండి, ఆ వరసలో లోపలివాళ్ళు అటు వైపు నుంచి కూడా బయటికి వెళ్ళొచ్చు కాబట్టి మిమ్మల్ని లేపేది తక్కువ, మీరు ఎవర్నీ లేపక్కర్లేదు. బాత్రూమ్‌కి నాలుగైదు వరసల దూరంలో ఉంటే చాలు, దాన్ని ఆనుకునే ఉన్న సీటైతే రాత్రంతా తలుపు చప్పుడు, నిలబడ్డవాళ్ళ మాటలు. దీనికి కొంచెం డబ్బు ఎక్కువ అడుగుతారు, పెట్టాల్సిన డబ్బు అది.

భోజనం దగ్గర ఒక మాట, ఒక మనిషికి ఒక రకం స్పెషల్ మీల్ మాత్రమే రాసుకుంటారు. మీరు నాన్ వెజ్ తినరని రాశారు, డయాబెటిక్ మీల్ అని పెడితే అందులో చికెన్ వచ్చే అవకాశం ఉంది. ఏషియన్ వెజిటేరియన్ మీల్ పెట్టించుకుని, స్వీటు పక్కన పెట్టేసి, మీ చేతి చపాతీలు, పొడి కూర, మరమరాలు హ్యాండ్‌బ్యాగ్‌లో ఉంచుకోండి. పండ్లు, కరివేపాకు, విత్తనాలు డల్లాస్‌లో దిగేటప్పుడు దగ్గర ఉండకూడదు. ఆవకాయ పెద్ద పెట్టెలోనే, చేతి బ్యాగ్‌లో నూనె ఉన్న పచ్చడి సెక్యూరిటీ దగ్గర తీసేస్తారు. కస్టమ్స్ వాళ్ళు తినేవి ఉన్నాయా అని అడిగితే ఉన్నాయనే చెప్పండి, ఉన్నవి ఉన్నాయని చెప్తే ఏమీ కాదు, లేవని చెప్పి దొరికితేనే ఫైన్.

ఇన్సులిన్ గురించి మీ డాక్టర్ని తప్పకుండా అడగాలి, ఎలా అడగాలో చెప్తాను, ఎందుకంటే "ఫ్లైట్ ఎక్కుతున్నా, ఏం చేయాలి" అని మాత్రమే అడిగితే "ఏం ఫర్వాలేదమ్మా" అని పంపించేస్తారు. మీరు రోజూ రాత్రి 10కి ఇన్సులిన్ ఇంజెక్షన్ వేసుకుంటానని రాశారు. ఇంటి దగ్గర 10కి వేసుకుని తెల్లవారుజామున ఫ్లైట్ ఎక్కుతారు. మళ్ళీ మన టైము రాత్రి 10 అయ్యేసరికి మీరు గాల్లోనే ఉంటారు, డల్లాస్‌లో అప్పుడు పొద్దున పదకొండున్నర. డల్లాస్‌లో రాత్రి 10 అయ్యేదాకా ఆగితే రెండు ఇంజెక్షన్ల మధ్య ముప్పై నాలుగున్నర గంటల ఎడం వస్తుంది. కాబట్టి విమానంలో ఉండగానే వేసుకోవాలా, ఎంత వేసుకోవాలి, దిగాక కొత్త టైముకి ఎలా మార్చుకోవాలి, ఈ మూడూ కాగితం మీద రాయించుకోండి. ఇన్సులిన్, సూదులు, మీటర్, ప్రిస్క్రిప్షన్ అన్నీ చేతి బ్యాగ్‌లోనే, కింద పెట్టెలో వేస్తే చలికి గడ్డకట్టి పాడైపోవచ్చు. ఎయిర్ హోస్టెస్‌కి మీకు షుగర్ అని ఎక్కగానే చెప్పించండి.

ఇంగ్లీషు రాదన్న బెంగ అసలు పెట్టుకోకండి. ఒక కాగితం మీద అమ్మాయి పేరు, అడ్రస్, ఫోన్ నంబర్, ఎన్ని నెలలు ఉంటారు, తిరుగు టికెట్ తేదీ, వేసుకునే మందులు ఇంగ్లీషులో రాయించి పాస్‌పోర్ట్‌లో పెట్టుకోండి. అడిగితే కూతురి దగ్గరికి వచ్చాను, ఆవిడకి డెలివరీ, చూడ్డానికి వచ్చాను అని ఉన్నదున్నట్టు చెప్పండి, తెలుగు అనండి, డల్లాస్‌లో తెలుగువాళ్ళు దిగడం వాళ్ళకి కొత్త కాదు.

ఎప్పుడు వెళ్ళాలన్నది మీ ఉత్తరంలో లేదు గానీ నాకు ఏ దారన్న దానికంటే ఇదే ముఖ్యమనిపిస్తోంది. పదిన్నర గంటల తేడా అంటే పగలు రాత్రి తిరగబడటమే, ఒళ్ళు దానికి అలవాటు పడటానికి వారం పది రోజులు పడుతుంది, మొదటి వారం మీరు మధ్యాహ్నం మూడింటికి కూర్చున్నచోటే నిద్రపోతారు, రాత్రి రెండింటికి లేచి వంటింట్లో తిరుగుతారు, షుగర్ అటూఇటూ అవుతుంది. మీరు నొప్పులొచ్చే వేళకి దిగితే కూతురు మిమ్మల్ని చూసుకోవాలా, మీరు కూతుర్ని చూసుకోవాలా? ఆగస్టు ఆఖరు వారంలోపు చేరితే రెండు మూడు వారాలు తేరుకోవడానికి దొరుకుతాయి. ఆ లెక్క కుదరకపోతే డెలివరీ అయ్యాకే తీరిగ్గా వెళ్ళడం కూడా ఒక దారి, మొదటి వారం రెండు వారాలు అల్లుడు సెలవు పెట్టుకుంటాడు, ఆ తర్వాత ఆయన ఆఫీసుకి వెళ్ళే టైముకి మీరు చేరితే మీ అవసరం అప్పుడే ఎక్కువ. దాంట్లో కష్టం ఏంటంటే ఆ రోజు మీరు పక్కన లేరన్న వెలితి మీ ఇద్దరికీ ఉంటుంది, అది ఎంత పెద్దదో మీకే తెలుసు.

బయల్దేరే రోజు కూడా కొంచెం చూసుకోండి, అందరూ ఫ్లైట్ గంటలే లెక్కేస్తారు గానీ ఖమ్మం నుంచి శంషాబాద్ నాలుగైదు గంటలు, ఎయిర్‌పోర్ట్‌లో మూడు నాలుగు గంటల ముందుండాలి. తెల్లవారుజామున ఫ్లైట్ కదా అని ఆ సాయంత్రం ఖమ్మంలో బయల్దేరితే ఎక్కేసరికే ఒళ్ళు హూనమైపోతుంది. రెండు రోజుల ముందే మీ అబ్బాయి ఇంటికి వెళ్ళి ఉండండి, ఆ పగలు బాగా నిద్రపోండి. అబ్బాయికి కూడా మీతో ఆ రెండు రోజులు గడపాలని ఉంటుంది, చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతున్న అమ్మని 16 గంటల సీట్లో కూర్చోబెట్టలేనన్నాడంటే అది పంతం కాదని నాకనిపిస్తోంది.

మీరు చేయాల్సింది ముందు డాక్టర్ల దగ్గరికి వెళ్ళడం, తర్వాత అమ్మాయికి ఆ విషయం చెప్పడం, ఆ తర్వాత గ్రూప్‌లో మీ గొంతుతో ఒక వాయిస్ మెసేజ్ పెట్టడం. "నాకు పది గంటల కంటే ఎక్కువ కూర్చోవడం కష్టం, లండన్ చూడండి" అన్నా సరే, "మనవాళ్ళు ఉండే ఫ్లైటే నాకు ధైర్యం, దోహా చూడండి, నడవ పక్క సీటు ఇప్పించండి" అన్నా సరే, మాట మీది కావాలి. మీరు రాసిన ఇబ్బందిని బట్టి నా మనసు లండన్ వైపు మొగ్గుతోంది, కానీ తెలిసినవాళ్ళు ఎవరైనా దోహా ఫ్లైట్‌లో తోడు దొరికితే ఆ మొగ్గు మారిపోతుంది, ఒంటరి ప్రయాణంలో తోడు విలువ అలాంటిది.

తిరిగొచ్చేటప్పుడు గాలి వెనక నుంచి తోస్తుంది కాబట్టి ఆ పదహారు గంటలది ఓ గంట పైగా తగ్గుతుంది, అయితే టైము ముందుకి జరుగుతుంది గనక టికెట్ మీద రోజున్నర ప్రయాణంలా కనిపిస్తుంది, ఈసారి అది చూసి కంగారు పడకండి. అక్కడ ఎంతకాలం ఉండొచ్చన్నది దిగిన రోజే నిర్ణయిస్తారు, మామూలుగా ఆరు నెలలు, ఆ తేదీ ఐ-94 అనే ఎంట్రీ రికార్డులో ఉంటుంది, అల్లుణ్ణి వెంటనే తీసి చూడమనండి. రిటర్న్ టికెట్ తేదీ మార్చుకోగలిగే రకమే తీసుకోండి, కాన్పు తేదీలు డాక్టర్లు చెప్పినట్టే రావు కదా.